ఇన్వర్టర్ మీద నాలుగు గీతలు చూసి నిద్రపోయాను



హైడ్రోమీటర్ ఎలా పట్టుకోవాలి, మీటర్ వైర్లు ఎక్కడ ఆనించాలి అన్నది పై వీడియోలో చూపించాను. వీడియో పొడుగైపోతుందని అసలు నేను చెప్పదలుచుకున్న మాట అందులో చెప్పలేదు. అది ఇక్కడ రాస్తున్నా. చేలో సోలార్ పెట్టుకున్న మనలో చాలామందిమి బ్యాటరీలను చూడడం లేదు, ఇన్వర్టర్ మీద గీతలు చూస్తున్నాం. రెండూ ఒకటే అనుకుంటున్నాం. ఒకటి కాదు. ఆ తేడా తెలుసుకోవడానికి నాకు ముక్కాలు ఎకరం వేరుశనగ ఖర్చయింది.

మాది కదిరి పక్క. చేలోనే ఇల్లు కట్టుకున్నాం. వ్యవసాయం లైను కరెంటు పగలు 9 గంటలే, రాత్రికి మా ఏర్పాటు మేమే చూసుకోవాలి. 2020లో 2 కిలోవాట్ల ప్యానెళ్ళు, 48 వోల్ట్‌ల ఇన్వర్టర్, 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీలు నాలుగు పెట్టించాం. నాలుగూ వరసగా, అంటే సిరీస్‌లో. కొట్టంలో లైట్లు, ఇంట్లో ఫ్యాన్లు, ఒక చిన్న ఫ్రిజ్. బోరుకు దీంతో సంబంధం లేదు. నీళ్ళు తోడాలంటే పగలే తోడి తొట్టిలో నిలవ పెట్టుకుంటాం. నీటిని తొట్టిలో దాచుకోవడం కంటే చవకైన బ్యాటరీ ఇంకోటి లేదని ఇప్పటికీ నా నమ్మకం.

ఆ తర్వాత ఏడాది పందుల బాధ ఎక్కువై చేను చుట్టూ సోలార్ కంచె వేయించాం. కంచెకు షాక్ పంపే ఎనర్జైజర్ 12 వోల్ట్‌లది. మన బ్యాంకు 48 వోల్ట్‌లది. వచ్చిన పిల్లగాడు ఏం చేశాడంటే, నాలుగు బ్యాటరీల్లో మొదటిదాని రెండు కొనలకు ఎనర్జైజర్ వైర్లు తగిలించి వెళ్ళిపోయాడు. "ఎంత తాగుతుందన్నా ఇది, మూడు వందల మిల్లీ ఆంపియర్లు. మీ బ్యాటరీకి దోమ కుట్టినట్టు కూడా ఉండదు" అన్నాడు. నేనూ సరే అన్నా. వేరే చిన్న బ్యాటరీ, చిన్న ప్యానెల్ కొనే ఖర్చు తప్పిందని లోపల సంతోషపడ్డా కూడా.

లెక్క చేద్దాం. 0.3 ఆంపియర్లు, 24 గంటలు. రోజుకు 7 ఆంపియర్ అవర్లు. నాలుగు బ్యాటరీల్లో ఒక్కదానిలోంచే రోజూ ఈ 7 అదనంగా పోతోంది. ఛార్జింగ్ మాత్రం నాలుగింటికీ ఒకే కాలవలో వస్తుంది. సిరీస్‌లో ఉన్నప్పుడు ఒకదానిలోంచి ఎంత కరెంటు పారితే మిగతా వాటిలోంచీ అంతే పారుతుంది, ఒకదానికి కొంచెం ఎక్కువ వడ్డించడం కుదరదు. ఛార్జ్ కంట్రోలర్‌కు కనిపించేది నాలుగింటి మొత్తం వోల్టేజీ ఒక్కటే. మొత్తం 57.6 రాగానే కడుపు నిండిందనుకుని కరెంటు తగ్గించేస్తుంది. ఆ 57.6 లోపల ఒకటోది 13.5 దగ్గరే ఉండి, మిగతా మూడూ 14.7 దగ్గర పొంగుతున్నాయని దానికి తెలియదు. కూడి చూసుకోండి, సరిగ్గా 57.6 వస్తుంది.

ఇట్లా ఏడాది గడిచింది. ఒకటోది రోజూ అర్ధాకలితో పడుకుంది. మిగతా మూడింటికీ అజీర్తి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మా ఇంట్లో బ్యాటరీలకు నీళ్ళు పోసేది మా ఇంటామె. ఆమె నాతో ఆ ఏడాదిలో రెండుసార్లు అనింది. "ఇదో, ఒకటోది నీళ్ళే తాగడంల్యా. మిగిలిన మూడిటికి పోసీ పోసీ క్యాన్లు అయిపోతాండాయి. ఏమో తేడా ఉండాది చూడు" అని. నేనేమన్నానో తెలుసా? "ఒకటోది మంచి బ్యాటరీ, అందుకే తాగడం లేదు. ఆ మూడే తేడా రకం, కొట్టాయన మోసం చేసినాడు" అన్నా. సరిగ్గా తలకిందులుగా అర్థం చేసుకున్నా. నిండా ఛార్జ్ అయిన బ్యాటరీలోనే చివర్లో నీరు విడిపోయి గ్యాసుగా పోతుంది, అందుకే నీళ్ళు తగ్గుతాయి. ఎప్పుడూ నిండని బ్యాటరీ పొంగేది లేదు, నీళ్ళు తగ్గేదీ లేదు. తిండి తక్కువైన ఆవు పేడ తక్కువ వేస్తే కొట్టం శుభ్రంగా ఉందని మురిసినట్టుంది నా కథ.

2022 అక్టోబర్‌లో ముసురు పట్టింది. వేరుశనగ కాయ ఊరి, పీకడానికి పది పదిహేను రోజులుంది. మూడు నాలుగు రోజులు ఎండ సరిగా లేదు. ఆ రాత్రి పడుకునే ముందు చూస్తే ఇన్వర్టర్ మీద ఐదు గీతల్లో నాలుగున్నాయి. బాగుందిలే అని పడుకున్నా. తెల్లవారుజామున నాలుగింటికి కుక్కలు ఒకటే అరుపు. టార్చి తీసుకుని పోయేసరికి తూర్పు పక్క మడి అంతా నాగలితో దున్నినట్టు పడి ఉంది. చెట్టు చెట్టూ పెళ్ళగించి కాయ తిని పోయినాయి. కంచె మీద గడ్డిపరక పెట్టి చూశా. చురుక్కుమనలేదు. ఎనర్జైజర్ లైటు ఆరిపోయి ఉంది.

ఇంటికొచ్చి ఇన్వర్టర్ చూస్తే ఇంకా రెండు గీతలున్నాయి! ఇంట్లో ఫ్యాను తిరుగుతానే ఉంది. అప్పుడు మీటర్ తీసి, మొట్టమొదటిసారి, ఒక్కో బ్యాటరీకి విడిగా ఆనించా. రెండోది 12.1, మూడోది 12.2, నాలుగోది 12.1. ఒకటోది 10.2. మొత్తం 46.6. మా ఇన్వర్టర్ 42కు పడిపోతే గానీ ఆగదు. అంటే మిగతా మూడూ కలిసి ఒకటోదాన్ని చచ్చేదాకా ఈడ్చుకుపోతున్నా దాని లెక్కలో అంతా సవ్యమే. ఎనర్జైజర్ మాత్రం ఆ ఒకటోదాని మీదనే బతికేది. అది 11 కిందికి పడగానే కంచె చచ్చిపోయింది. ఆ సంగతి మా ఇంటిల్లిపాదిలో ఎవరికీ తెలియలేదు, పందులకు తెలిసింది.

ఆ మడికి ఎంత పెట్టుబడి పెట్టామో, బీజామృతం పట్టించిన దగ్గర్నుంచి ఎన్ని విడతల జీవామృతం పోశామో ఇక్కడ ఏకరువు పెట్టను. చేను చేసేవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. ఆ తర్వాత రెండు రోజులు మా ఇంటామె నాతో మాట్లాడలేదు. బ్యాటరీ గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది.

రెండు రోజులు ఎండ కాశాక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర హైడ్రోమీటర్ అడిగి తెచ్చి 24 సెల్స్ కొలిచా. ఒక్కో బ్యాటరీలో ఆరు మూతలు, నాలుగు బ్యాటరీలకు 24. పొద్దున విశ్రాంతి వోల్టేజీ 12.5, 12.6, 12.5, ఒకటోది 11.8. మొత్తం 49.4. నాలుగుతో భాగిస్తే సగటు 12.35. సగటు చూస్తే ముక్కాలు నిండినట్టే ఉంది కదా. హైడ్రోమీటర్ పెడితే మూడు బ్యాటరీల్లో 1.240 నుంచి 1.255 దాకా ఉంది. ఒకటోదాంట్లో 1.130 నుంచి 1.150, ఒక సెల్‌లో అయితే 1.100. అంటే దాదాపు ఖాళీ.

పాడి ఉన్న వాళ్ళకు ఒక్క ముక్కలో చెప్తా. నాలుగు ఆవుల పాలు ఒకే క్యాన్‌లో పోసి కొలిస్తే ఏ ఆవుకు పొదుగువాపు వచ్చిందో తెలుస్తుందా? మనం బ్యాటరీ బ్యాంకును ఇప్పుడు చూస్తున్నది క్యాన్ దగ్గరే. పొదుగు దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు.

గీతల గురించి ఇంకొంచెం చెప్పాలి. చాలా ఇన్వర్టర్లలో అవి వోల్టేజీని బట్టి వెలుగుతాయి. వోల్టేజీ అనేది బ్యాటరీ ఏ పని చేస్తోందో దాన్ని బట్టి మారుతుంది. మధ్యాహ్నం ఎండలో ఛార్జ్ అవుతున్నప్పుడు అన్ని గీతలూ వెలుగుతాయి, అప్పటికి నిజంగా సగమే నిండి ఉండొచ్చు. రాత్రి గ్రైండర్ వేస్తే రెండు గీతలు పడిపోతాయి, ఆపేస్తే మళ్ళీ ఒకటి లేస్తుంది. అది బ్యాటరీ నిండడం కాదు, బరువు దించి ఊపిరి పీల్చుకోవడం. వోల్టేజీ నిజం చెప్పాలంటే ఛార్జింగూ ఉండకూడదు, వాడకమూ ఉండకూడదు, అట్లా కొన్ని గంటలు గడవాలి. మా చేలో అంత విశ్రాంతి దొరికేది ఎప్పుడూ ఉండదు. అందుకని పొద్దు పొడవకముందు ఇన్వర్టర్ ఆపేసి, గంట రెండు గంటలు ఆగి చూస్తాం. పూర్తి నిజం కాకపోయినా ప్రతిసారీ అదే పద్ధతిలో చూస్తే తేడా దొరికిపోతుంది.

ఇంటర్నెట్‌లో తిరిగే పట్టికల మాట కూడా. 12.7 వోల్ట్‌లు ఉంటేనే నిండుగా ఉన్నట్టు అని వాటిలో రాసి ఉంటుంది. అవి యాసిడ్ చిక్కదనం 1.265, 1.280 ఉండే బ్యాటరీలకు, ఎక్కువగా బండ్ల బ్యాటరీలకు రాసినవి. మన వేడి దేశాలకు తయారయ్యే ట్యూబులర్ బ్యాటరీల్లో చాలావాటికి నిండుగా ఉన్నప్పుడే 1.240 దగ్గర ఉంటుంది. వేడికి పలకలు త్వరగా తినుకుపోకుండా యాసిడ్ పలచగా పోస్తారు. ఒక చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి. హైడ్రోమీటర్ అంకెకు 0.84 కలిపితే ఆ సెల్ విశ్రాంతి వోల్టేజీ సుమారుగా వస్తుంది. 1.240కి 0.84 కలిపితే 2.08. ఆరు సెల్స్‌కు 12.48. అంటే మన ట్యూబులర్ 12.5 దగ్గర ఉంటే అది నిండుగా ఉన్నట్టే. ఈ లెక్క తెలియక 12.7 రావడం లేదని ఛార్జింగ్ సెట్టింగ్ పెంచి బ్యాటరీలను ఉడకబెట్టిన వాళ్ళను చూశా. మీ బ్యాటరీకి ఎంత ఉండాలో దాని మీదో, దానితో వచ్చిన కాగితంలోనో ఉంటుంది. లేకపోతే కొత్తగా తెచ్చిన నెలలోనే, నిండా ఛార్జ్ చేసి 24 సెల్స్ కొలిచి రాసి పెట్టుకోండి. దూడ పుట్టినప్పటి బరువు లాంటిది అది. తర్వాత ఏది తగ్గినా దానితోనే పోల్చాలి.

యాసిడ్ చిక్కదనం వేడిని బట్టి కూడా మారుతుంది. అంకెలు 27 డిగ్రీలకు చెప్తారు. 10 డిగ్రీలు వేడి పెరిగితే అంకె 0.007 తక్కువ చూపిస్తుంది. మే నెలలో కొలిచి అయ్యో తగ్గిపోయిందని భయపడొద్దు, ఆ 7 పాయింట్లు కలుపుకోండి. ఇంకొక పొరపాటు నేనే చేశా. నీళ్ళు పోసిన వెంటనే కొలిస్తే పైన పోసిన పలచ నీళ్ళే పీకుతుంది, అంకె పడిపోతుంది. కొలిచిన తర్వాతే నీళ్ళు పోయాలి. పలకలు బయటపడి ఉంటే మాత్రం ముందు అవి మునిగేంత పోసి, నిండా ఛార్జ్ అయ్యాక, మరుసటి రోజు కొలవాలి.

నీళ్ళంటే డీమినరలైజ్డ్ వాటరే. మా బోరు నీళ్ళు గిన్నెలో కాస్తే అడుగున తెల్లగా సున్నం పేరుకుంటుంది, అవి పలకల మీద పోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రేకు మీద నుంచి జారిన వాన నీళ్ళు పోయొచ్చా అని ఒక అన్న అడిగాడు. వద్దన్నా. యాసిడ్ అసలు పోయొద్దు. అంకె తగ్గిందని యాసిడ్ పోసి పెంచడమంటే జ్వరం వచ్చినోడి చంకలోంచి థర్మామీటర్ తీసి చల్లనీళ్ళలో ముంచడమే.

అయితే ఇంతవరకు చెప్పింది ఛార్జ్ గురించి. ఆరోగ్యం వేరు. మా పక్క చెరువు నిండి మరవ పారితే సంబరం చేసుకుంటాం, మీ పక్క అలుగు అంటారేమో. చెరువు మరవ పారుతోంది సరే, కానీ అడుగున పూడిక ఎంత ఉంది? పూడిక నిండిన చెరువు కూడా మరవ పారుతుంది, ఇంకా తొందరగా పారుతుంది. కింద ఎన్ని మళ్ళు తడుస్తాయో చూస్తే గానీ చెరువు సంగతి తెలియదు. బ్యాటరీ కూడా అంతే. ముసలి బ్యాటరీ తొందరగా నిండుతుంది, గీతలన్నీ వెలుగుతాయి, రాత్రి పదికల్లా దిగిపోతుంది. ఛార్జ్ లేక పడి ఉన్న బ్యాటరీలో పలకల మీద సీసపు సల్ఫేట్ గట్టిపడుతుంది. అదే పూడిక. కొన్ని రోజులైతే మళ్ళీ ఛార్జ్ చేసి కరిగించొచ్చు. నెలలు గడిస్తే రాయి అయిపోతుంది.

పూడిక కొలవడానికి నేను చేసేది ఏడాదికి ఒకసారి. ఒక్కో బ్యాటరీని విడదీసి, నిండా ఛార్జ్ చేసి, 60 వాట్ల 12 వోల్ట్ హెడ్‌లైట్ బల్బులు మూడు తగిలిస్తా. మూడూ కలిపి 180 వాట్లు, అంటే సుమారు 15 ఆంపియర్లు. 150 ఆంపియర్ అవర్ అని పది గంటల లెక్క మీద అమ్మిన బ్యాటరీ ఈ బల్బులను దాదాపు 10 గంటలు వెలిగించి 10.8 వోల్ట్‌లకు రావాలి. 8 గంటలకే వస్తే దానిలో 80 శాతం మిగిలినట్టు, ఇక దాని వారసుడి కోసం డబ్బు దాచుకోవడం మొదలుపెట్టాలి. 10.8 రాగానే ఆపేసి ఆ రోజే మళ్ళీ ఛార్జింగ్ పెట్టాలి, తెల్లారి చూద్దాంలే అంటే మనమే పూడిక వేసినట్టు. పది గంటల లెక్క, ఇరవై గంటల లెక్క అని రెండు రకాలుగా అమ్ముతారు, అదీ చూసుకోండి. ఎంత వేగంగా లాగితే అంత తక్కువ ఇస్తుంది లెడ్ బ్యాటరీ. ఈ సంగతి పాయ్‌కర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1897లోనే సూత్రం కట్టి చెప్పాడు. మనకు అమ్మేవాళ్ళు ఇంకా చెప్పడం లేదు.

ఇప్పుడు నాతో వాదించే వాళ్ళకు జవాబు.

మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. "నాన్నా, ఫోన్‌లో కనిపించే బ్యాటరీ మానిటర్ పెడతా, ఎన్ని ఆంపియర్లు పోయినాయో ఎన్ని వచ్చినాయో లెక్క కట్టి శాతం చూపిస్తుంది" అన్నాడు. మంచి వస్తువే, గీతల కంటే వంద రెట్లు నయం. నెగటివ్ వైరులో షంట్ అనే చిన్న దిమ్మె పెట్టి దాని గుండా పారే కరెంటు లెక్కపెడుతుంది. కానీ దానికీ రెండు బలహీనతలు. ఒకటి, లోపలికి పోయిందంతా నిలవ ఉండదు. లెడ్ బ్యాటరీ కొంత మింగేస్తుంది. అందుకని లెక్క రోజురోజుకూ కొంచెం కొంచెం జారుతుంది, అప్పుడప్పుడు పూర్తిగా నిండితే తప్ప సరిపడదు. మన ముసురు రోజుల్లో సరిగ్గా అవసరమైనప్పుడే తప్పు చెప్తుంది. రెండోది నా కథకు సంబంధించింది. నాలుగింటిలోంచీ పారే కరెంటునే అది లెక్కపెడుతుంది. ఎనర్జైజర్ ఒకటోదాని కొనల నుంచి నేరుగా దొంగతనంగా లాగుతున్న 7 దాని కంట పడదు. ఆ రాత్రి మా ఇంట్లో ఆ మానిటర్ ఉన్నా కూడా "పర్వాలేదు" అనే చెప్పి ఉండేది. బ్యాంకును మధ్యలో విడగొట్టి రెండు సగాల వోల్టేజీ పోల్చి, తేడా వస్తే అరిచే మానిటర్లు ఉన్నాయి. కొనేటట్టయితే అలాంటిదే కొనమని మా వాడికి చెప్పా.

ఇంకొందరు "లిథియం పెట్టుకో అన్నా, ఈ నీళ్ళ గోల, యాసిడ్ గోల ఉండదు" అంటారు. నిజమే, ఉండదు. ఈ బ్యాటరీలు పోయాక నేనూ అటే పోతానేమో. కానీ ఒక్కసారి ఆలోచించండి. 48 వోల్ట్‌ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో సాధారణంగా 16 సెల్స్ ఉంటాయి. ఆ పెట్టె లోపల బీఎమ్మెస్ అనే బోర్డు ఆ 16 సెల్స్‌నూ విడివిడిగా, క్షణక్షణం చూస్తుంది. ఏ ఒక్కటి హద్దు దాటినా మొత్తం ఆపేస్తుంది. ఎందుకు? వాటి వోల్టేజీ 20 శాతం దగ్గరా 80 శాతం దగ్గరా దాదాపు ఒకేలా, సెల్‌కు 3.2, 3.3 దగ్గరే ఉంటుంది కాబట్టి మొత్తం వోల్టేజీ చూసి ఏమీ తేల్చలేం. ఒక్క సెల్ తేడా వస్తే ప్రమాదం కాబట్టి. అంటే లిథియం తయారుచేసే వాళ్ళు మొత్తం అంకెను ఏనాడూ నమ్మలేదు. 16 సెల్స్‌కు 16 కళ్ళు పెట్టారు. మన 24 లెడ్ సెల్స్‌కు మాత్రం ఒక్క కన్నూ పెట్టకుండా, ఐదు గీతలు చేతికిచ్చి పంపిస్తున్నారు. నా తగాదా ఇదే.

తప్పు రైతుదేనా? కొంత నాదే, ఇంటామె మాట వినలేదు. కానీ లక్షలు తీసుకుని సోలార్ బిగించే వాళ్ళు కొన్ని వందల రూపాయల హైడ్రోమీటర్, ఒక మీటర్, గడులు గీసిన ఒక నోటు పుస్తకం ఎందుకు ఇవ్వరు? బిగించిన రోజున 24 సెల్స్ కొలిచి ఆ పుస్తకంలో మొదటి పేజీ రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. దాన్ని చూపిస్తేనే చివరి బిల్లు కట్టాలి. ఇది మనమందరం పట్టుపట్టాల్సిన విషయం. ఎవరైనా కొత్తగా పెట్టించుకునే వాళ్ళుంటే ధర బేరం ఆడినంత సేపు ఈ పేజీ కోసం బేరం ఆడండి. వారంటీ అడగడానికి పోయినప్పుడు మన చేతిలో ఉండే సాక్ష్యం కూడా ఆ పేజీయే.

తీరిక ఎక్కడిది అంటారా? 24 సెల్స్‌కు అరగంట. మా పక్క అమావాస్య నాడు ఎద్దులకు కాడి కట్టరు. ఆ రోజు పెట్టుకున్నాం. సెల్స్ మధ్య 0.030 కంటే ఎక్కువ తేడా కనిపిస్తే ఆ నెలలో సమానం చేసే ఛార్జింగ్, అంటే ఈక్వలైజ్ పెట్టి, గంట గంటకూ చూస్తాం. దానికీ కదలకపోతే ఆ సెల్ మీద అనుమానం. ఆ రోజే కొనలు శుభ్రం చేసి, బోల్టులు బిగించి, కొంచెం వ్యాసిలిన్ రాస్తాం. వాడకంలో ఉన్నప్పుడు ఏ కొన అయినా చేతికి వెచ్చగా తగిలితే అక్కడ బిగింపు సరిగా లేదని అర్థం. చెయ్యి అంటున్నాను గానీ ఉంగరాలు, ఇనప గాజులు, మెడలో గొలుసు తీసేసిన తర్వాతే దగ్గరికి పోవాలి. మా స్పానర్‌కు పాత సైకిల్ ట్యూబు తొడిగి ఉంటుంది. కళ్ళకు అద్దాలు తప్పనిసరి. బీడీ తాగే వాళ్ళను ఆ గది దరిదాపులకు రానివ్వకండి, ఛార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. గదికి పైన కిటికీ ఉండాలి. మాకు రేకుల గది ఉండేది. ఆ ఎండకు బ్యాటరీ ఆయుష్షు సగానికి సగం పోతుందని తెలిశాక వేపచెట్టు నీడకు మార్చి, పైన బోద కప్పాం.

మా ఒకటో బ్యాటరీ కథ ముగించాలి కదా. ముందు ఎనర్జైజర్ దానిలోంచి పీకేశాం. కంచెకు ఇప్పుడు సొంత చిన్న బ్యాటరీ, సొంత చిన్న ప్యానెల్. ఇంట్లో ఫ్యాను ఆగినా కంచె ఆగదు. తర్వాత 12 వోల్ట్‌ల ఛార్జర్‌తో ఒకటోదాన్ని విడిగా, తక్కువ కరెంటుతో, రోజుల తరబడి ఛార్జ్ చేశా. ఐదు సెల్స్ 1.215 నుంచి 1.225 దాకా లేచినాయి. ఆరోది 1.170 దగ్గర మొరాయించింది. నాలుగూ మార్చెయ్యమన్నాడు కొట్టాయన, 60 వేలు దాటుతుందన్నాడు. పాత వాటి మధ్య కొత్తది ఒకటి పెట్టకూడదన్న మాట నిజమే, కొత్తది కూడా పాతవాటితో పాటు పాడవుతుంది. అందుకని మిగతా మూడింటికీ బల్బుల పరీక్ష పెట్టా. ఎనిమిదిన్నర, ఎనిమిదిన్నర, ఎనిమిదింబావు గంటలు వచ్చినాయి. ఊళ్ళో ఒకాయన దగ్గర అదే రకం, అదే వయసు బ్యాటరీ ఉంటే దానికీ పరీక్ష పెట్టి, ఎనిమిదిన్నర గంటలు వచ్చాకే తెచ్చుకున్నా. నాలుగూ సమవుజ్జీలు. కాడికి ఎద్దులను జత చేసినట్టు జత చేశాం.

పోయిన బ్యాటరీని యాసిడ్‌తో సహా, నిటారుగా పెట్టి, కొట్టాయనకే అప్పజెప్పా. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం తయారీదారులే పాతవి వెనక్కి తీసుకుని సరిగ్గా కరిగించే బాధ్యత పడాలి. వీధిలో తిరిగే పాత సామాన్లాయన యాసిడ్ గట్టు మీద పారబోసి తీసుకుపోతానంటే రెండు వందలు ఎక్కువ ఇస్తానన్నా ఒప్పుకోకండి. ఒక చెంచా యూరియా వేయని నేలలో సీసం పోసి ఎట్లా నిద్రపోతాం?

నోటు పుస్తకం ఇప్పుడు మా ఇంటామె చేతిలో ఉంది. అంకెలు నేను చదువుతా, ఆమె రాస్తుంది. ఎవరెన్ని నీళ్ళు తాగారో అన్న గడి కూడా ఆమే గీసింది, నా దగ్గరున్న ఏ పట్టికలోనూ ఆ గడి లేదు. ఈ అమావాస్యకు 23 సెల్స్ 1.230 పైన ఉన్నాయి. మూడో బ్యాటరీలో నాలుగో సెల్ 1.220. పోయిన నెల అది 1.230. ఆ అంకె చుట్టూ ఆమె ఎర్ర పెన్నుతో సున్న చుట్టింది. వచ్చే ఆదివారం ఎండ బాగుంటే ఈక్వలైజ్ పెడుతున్నాం.